గ్రాము గారు వేసిన దొంగ ముద్ర

గ్రాము గారికి పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. అది ఆయన పింఛను కాగితాల మీదా, ఇంటి కరెంటు బిల్లు మీదా తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసినందుకు మార్కెట్టు ఆయనకిచ్చిన బిరుదు ఇది. ఆయన వీధి మొదట్లో కనబడగానే ఉల్లిపాయలవాడు పక్క దుకాణం వాడితో "గ్రాము గారొస్తున్నారు" అనేవాడు. పక్కవాడు తన పక్కవాడితో అనేవాడు. ఆయన వీధి చివరికి చేరేసరికి అక్కడి తక్కెళ్ళన్నీ ముల్లు నిటారుగా పెట్టుకుని బుద్ధిగా కూర్చునేవి.

నిప్పులాంటి మనిషి అని అందరూ మెచ్చుకునేవారు. మెచ్చుకుని కాస్త దూరంగా నిలబడేవారు. ఆయన ఎవరి దగ్గరా టీ తాగేవారు కారు కనక ఆయనకి టీ ఇస్తామనేవాళ్ళూ లేరు. క్షౌరశాలలో ఆయన కుర్చీ ఎక్కగానే కబుర్లు ఆగిపోయి కత్తెర చప్పుడు ఒక్కటే వినబడేది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా! పదవీ విరమణ రోజున ఆఫీసువాళ్ళు ఒక గోడ గడియారం బహూకరించారు. ఇంటికి తెచ్చి చూస్తే రోజుకి నాలుగు నిమిషాలు వెనక్కి నడుస్తోంది. గ్రాము గారు నొచ్చుకోలేదు. విప్పి సరిచేసి తగిలించారు.

ఆయన నిజాయితీ వల్ల ఆయన భార్యకి జరిగిన నష్టం ఒక్కటే. దాన్ని మాత్రం ఆవిడ ముప్పై మూడేళ్ళూ రోజూ చెప్పింది. ఊళ్ళో ఏ కూరలవాడూ ఆవిడకి కొసరు వెయ్యలేదు. పక్కింటావిడ కిలో టమాటాలు కొంటే పైన రెండు టమాటాలూ, గుప్పెడు కొత్తిమీరా వచ్చేవి. ఈవిడకి సరిగ్గా కిలో. ముల్లు ఒక్క వెంట్రుక మొగ్గినా ఆ దుకాణం వాడు పెద్ద టమాటా తీసి చిన్నది వేసి, ముల్లు చూపించి, చెమట తుడుచుకునేవాడు. "ఇన్‌స్పెక్టరు పెళ్ళాన్ని కాకపోయుంటే ఈపాటికి నాలుగు బస్తాల టమాటాలు కలిసొచ్చేవి" అనేది ఆవిడ. ఆ లెక్కని గ్రాము గారు ఒక ఆదివారం కూర్చుని సరిచూసి, మూడు బస్తాలేనని తేల్చారు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

అలాంటి మనిషి గోల్ఫ్ ఆటలోకి ఎలా వచ్చిపడ్డారంటే, చక్కెర జబ్బు వల్ల. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. ఇల్లు మారుతున్న బావమరిది తన పాత గోల్ఫ్ సంచి వీళ్ళింట్లో దింపేసి, "నడిచేదేదో వీటితో నడవండి బావగారూ, నాకు చోటు కలిసొస్తుంది" అన్నాడు. ఊరి చివర, బంతిని పడెయ్యడానికి తొమ్మిది గుంటలున్న మున్సిపాలిటీ వాళ్ళ గోల్ఫ్ మైదానం ఉంది. చవకది. గడ్డి అక్కడక్కడా ఉంటుంది.

అక్కడ ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి నలుగురు ఆడేవారు. అందులో ఒకాయనకి మోకాలి ఆపరేషను అయింది. మిగిలిన ముగ్గురికీ ఆట కంటే స్కోరు దగ్గర తగాదాలెక్కువ. దెబ్బలు తక్కువైనవాడే గెలుస్తాడు కనక ఎవడి దెబ్బలు వాడికి ఎప్పుడూ ఒకటి తక్కువే గుర్తుండేవి. ఆ ముగ్గురిలో పెద్దవాడు బేకరీ నడిపేవాడు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, అందరూ బేకరీ పెద్దాయన అంటారు. ఆయనే ఒక రోజు గ్రాము గారి దగ్గరికొచ్చి, "ఇన్‌స్పెక్టరు గారూ, మీరు మాతో కలవండి. ఆట రాకపోయినా ఫరవాలేదు. స్కోరు మీరు రాస్తే ఇక నోరెత్తే మొగాడు ఉండడు" అన్నాడు.

అలా గ్రాము గారికి అరవై రెండో ఏట స్నేహితులు దొరికారు. ఆట అయ్యాక నలుగురూ షెడ్డు కింద బెంచీ మీద కూర్చునేవారు. పెద్దాయన ఫ్లాస్కులోంచి టీ పోసి ముందు గ్రాము గారికి ఇచ్చేవాడు. మొదటి రోజు ఆ కప్పు పుచ్చుకోవడానికి గ్రాము గారి చెయ్యి కాసేపు ఆలోచించింది. తర్వాత అలవాటైంది. శనివారం సాయంత్రానికే బూట్లు తుడిచి గుమ్మం పక్కన పెట్టుకునేవారు. మోకాలాయన కోలుకుంటున్నాడని వింటే మాత్రం ఆయనకి లోపల దిగులు పట్టుకునేది. తన చోటు పోతుందేమోనని భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు, భార్యకి తప్ప.

ఇక అసలు కథ. గోల్ఫ్ కర్ర చివర ఇనప తల ఉంటుంది. ఆ తల ఎంత వెనక్కి వాలితే బంతి అంత పైకి లేచి అంత దగ్గరలో పడుతుంది. ఆ వాలుని డిగ్రీల్లో కొలుస్తారు. బాగా వాలినవాటిని వెడ్జిలంటారు, దగ్గరి దెబ్బలకి అవే గతి. గ్రాము గారి సంచిలో వెడ్జిలు రెండే ఉన్నాయి. ఒకదాని మీద నలభై నాలుగు అని ముద్ర, రెండోదాని మీద యాభై ఆరు. మొదటిది నూట అయిదు గజాలు పోయేది, రెండోది అరవై అయిదు. బంతి ఈ రెంటికీ మధ్య దూరంలో ఆగితే ఆయన మొదటిదాన్ని మెల్లగా కొట్టేవారు. మెల్లగా కొట్టిన ప్రతిసారీ బంతి దారిలో ఉన్న మడుగు నీళ్ళలో పడేది.

మైదానం పక్కనే కర్రలు బాగుచేసే కొట్టు ఉంది. నడిపేది నలభై ఏళ్ళ ఒకావిడ, అందరూ కర్రల డాక్టరమ్మ అంటారు. విరిగిన కర్రలు అతుకుతుంది, అరిగిన పిడి తొడుగులు మారుస్తుంది, వంకర తీస్తుంది, అవసరమైతే వంకర పెడుతుంది. గ్రాము గారు తన గోడు చెప్పుకుంటే ఆవిడ రెండు వెడ్జిలూ బల్ల మీద పెట్టి చూసింది.

"మధ్యలో పన్నెండు డిగ్రీల ఖాళీ ఉంది సార్. తొంభై గజాల దగ్గర బంతి ఆగితే ఏం చేస్తున్నారు?"

"దేవుడి మీద భారం వేసి కొడుతున్నానమ్మా."

"దేవుడు ఇంతవరకూ మా గ్రౌండుకి రాలేదు సార్. నలభై ఎనిమిది, యాభై రెండు అని రెండు కొంటే నాలుగేసి డిగ్రీల తేడాతో మెట్లలా ఉంటాయి. కానీ సంచిలో పద్నాలుగు కర్రలకి మించకూడదు, మీకిప్పటికే పదమూడున్నాయి. ఒక్క యాభై కొనండి. అటు ఆరు, ఇటు ఆరు. సరిపోతుంది."

గ్రాము గారు యాభై కొన్నారు. మామూలు మనిషైతే అక్కడితో ఇంటికి పోయేవాడు. ఈయన కళ్ళు మూలనున్న యంత్రం మీద పడ్డాయి. కర్రని అందులో బిగించి ముల్లు తిప్పితే వాలు ఎంతో డిగ్రీల్లో చూపిస్తుంది. "ఒకసారి చూద్దామా?" అన్నారు. చూశారు. యాభై అన్నది యాభై ఒకటిన్నర ఉంది. సంచిలోని నలభై నాలుగు నలభై మూడే ఉంది. యాభై ఆరు యాభై ఏడుంది. గ్రాము గారికి ఒళ్ళు మండింది.

"అమ్మా, దీని మీద ముద్ర ఉంది."

"ఉంది సార్. ఫ్యాక్టరీ వాళ్ళు ఒక డిగ్రీ అటూ ఇటూ అంటారు. పైగా ఇనుము మెత్తనిది. వాడుతూ ఉంటే అదే కదులుతుంది."

"మా శాఖలోనూ అటూ ఇటూ ఉందమ్మా. కాకపోతే అది ఎంతో కాగితం మీద రాసి గోడకి కొట్టి ఉంటుంది."

ఆవిడ నవ్వి, కర్ర తలని పట్టులో బిగించి, మెడకి పొడుగాటి ఇనప కడ్డీ తగిలించి ఒక్క లాగు లాగింది. యాభై అని ముద్ర ఉన్న కర్ర యాభై అయింది. మిగతా రెంటి మీదా పాత అంకెలు ఆకురాయితో గీకేసి, ఆవిడ దగ్గరున్న అంకెల అచ్చులతో నలభై మూడు, యాభై ఏడు అని గ్రాము గారే స్వయంగా కొట్టారు. సుత్తి పట్టుకునే తీరు చూసి డాక్టరమ్మ "మీకిది కొత్త కాదు సార్" అంది. ఆ ఆదివారం తొంభై గజాల నించి కొట్టిన బంతి వెళ్ళి గుంట చుట్టూ ఉన్న పచ్చిక మీద కూర్చుంది. బేకరీ పెద్దాయన టోపీ తీసి గాల్లోకి విసిరాడు.

ఈ సంగతి నలుగురికీ తెలిసింది. మంగళ, గురువారాల్లో పొద్దున్నే గ్రాము గారు డాక్టరమ్మ కొట్టులో యంత్రం పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. జనం సంచులు పట్టుకుని తమంతట తామే వచ్చి, "సార్, నావి కూడా కొలిచి పెట్టరూ" అని అడిగేవారు. ముప్పై మూడేళ్ళలో ఆయనని చూసి దుకాణం మూసినవాళ్ళే కానీ, కొలవమని బతిమాలినవాళ్ళు ఒక్కరు లేరు. ఆయన పొంగిపోయారు. ఇంటికొచ్చి "ఇవాళ పదకొండు మంది" అని చెబితే, ఆయన భార్య "వాళ్ళలో కూరలవాడెవడైనా ఉన్నాడా?" అని అడిగింది.

ఒక గురువారం బేకరీ పెద్దాయన వచ్చాడు. ఆయన ఇసుక గుంటల్లోంచి కొట్టే వెడ్జి ఒకటుంది, పద్దెనిమిదేళ్ళనాటిది. దాని మీద ముద్ర అరిగి నున్నగా అయిపోయింది. తెల్లవారుజామున పొయ్యి పని అయ్యాక, రోజూ మైదానానికొచ్చి సిమెంటు మీద పరిచిన రబ్బరు చాప మీంచి ఆ కర్రతో యాభై బంతులు కొడితే కానీ ఆయనకి తెల్లవారినట్టుండదు. బంతి డెబ్బై గజాల గుర్తు దగ్గర పడాలి. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే పడుతోంది.

ఆ డెబ్బై గజాల మీద ఆయనకీ, ఆయన కూతురికీ ఒక ఒప్పందం నడుస్తోంది. కిందటేడు బేకరీలో యాభై కిలోల పిండి బస్తా ఎత్తుతూ కళ్ళు తిరిగి పడ్డాడు. గుండె కాస్త బలహీనంగా ఉంది, బరువులెత్తొద్దని డాక్టర్లు చెప్పారు. కూతురు ఏడ్చి, అరిచి, అలిగింది. పెద్దాయన దిగిరాలేదు. చివరికి, "నా ఇసుక కర్ర డెబ్బై గజాలకి ముందు పడిన రోజున బస్తా ముట్టుకోను, పో. అంతవరకూ నా ఒంట్లో బలం తగ్గలేదన్నట్టే" అన్నాడు. ఆ పిల్ల వేరే గతి లేక ఒప్పుకుంది.

"ఇది యాభై ఆరు ఇన్‌స్పెక్టరు గారూ. దీనికి ముందుది, పిచ్చింగ్ వెడ్జి, నలభై ఆరు. మధ్యలో మీలాగే ఒకటి కొందామని. ముందు దీన్ని కొలిచి, యాభై ఆరని ముద్ర కొట్టెయ్యండి" అని, పెద్దాయన గుమ్మం బయట ఎవరితోనో కబుర్లలో పడ్డాడు.

గ్రాము గారు బిగించారు. ముల్లు తిప్పారు. విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ తిప్పారు. యాభై రెండు.

డాక్టరమ్మ తొంగి చూసి గొంతు తగ్గించింది. "రబ్బరు చాప కింద సిమెంటు సార్. పద్దెనిమిదేళ్ళు దాని మీద బాదితే మెత్తటి ఇనుము నిక్కిపోతుంది. వాలు నాలుగు డిగ్రీలు తగ్గింది. కానీ అలా అయితే బంతి ఇంకా దూరం పోవాలి కదా, ఎనభై దాటాలి. మరి డెబ్బై దగ్గరే ఎందుకు పడుతోంది?"

గ్రాము గారికి అప్పటికే అర్థమైంది. ఎప్పుడో ఒక పప్పుల దుకాణంలో తక్కెడ ఒకటి చూశారాయన. అది రాళ్ళ వైపు యాభై గ్రాములు మొగ్గుతుంది, కిలో రాయి అరిగి సరిగ్గా యాభై గ్రాములు తగ్గింది. రెండూ దొంగవే, సరుకు మాత్రం కచ్చితంగా కిలో వచ్చేది. ఆ దుకాణదారుడు తన తక్కెడ మంచిదని ప్రమాణం చేశాడు, పాపం నిజంగానే నమ్మాడు. గ్రాము గారు రెండు కేసులు రాశారు. ఇక్కడా అంతే. కర్ర ఏడాదికింత నిక్కుతూ వచ్చింది, మనిషి ఏడాదికింత నీరసిస్తూ వచ్చాడు. ఒకదాని లోపం ఇంకొకటి కప్పుకుంటూ పద్దెనిమిదేళ్ళుగా బంతిని డెబ్బై గజాల దగ్గరే పడేస్తున్నాయి.

"ఎంతుంది?" అంటూ పెద్దాయన లోపలికొచ్చాడు. ముఖం నిండా నవ్వు. చేతిలో ఫ్లాస్కు.

గ్రాము గారు ఆ ముఖం చూశారు. నిజం చెబితే ఆ నవ్వు ఆరిపోతుంది. నువ్వు ముసలివాడివైపోయావని చెప్పిన మనిషికి ఆదివారం ఎవడు టీ పోస్తాడు?

"యాభై ఆరు" అన్నారు.

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. గోల్ఫ్ వెడ్జి గురించి పెద్దలు ఏమీ చెప్పలేదు. గ్రాము గారు అచ్చులు తీసుకుని, సుత్తితో అయిదు, ఆరు కొట్టారు. ఆరు కాస్త పక్కకి ఒరిగింది. డాక్టరమ్మ నేల వైపు చూస్తూ నిలబడింది.

అబద్ధంతో వచ్చిన చిక్కేమిటంటే, దానికి తోడు కావాలి. నలభై ఆరుకీ యాభై ఆరుకీ మధ్య యాభై ఒకటి కావాలని పెద్దాయన లెక్క. నిజంగా యాభై ఒకటి ఇస్తే, అసలు యాభై రెండున్న పాత కర్రా అదీ ఒకే చోట బంతి పడేసి గుట్టు రట్టు చేస్తాయి. అందుకని పెద్దాయన వెళ్ళాక కొత్త కర్రని నలభై తొమ్మిదికి వంచారు. దాని మీద యాభై ఒకటి అని ముద్ర కొట్టారు. ముప్పై మూడేళ్ళలో దొంగ ముద్రలు పట్టుకున్న చెయ్యి ఒక్క పూటలో రెండు దొంగ ముద్రలు వేసింది. ఇంటికెళ్ళి అన్నం దగ్గర కూర్చుని సగంలో లేచారు. భార్య అడిగితే అంతా చెప్పారు.

ఆవిడ సగం తిన్న కంచం పక్కకి జరిపింది. తర్వాత, "అబద్ధం ఆడటం రానివాళ్ళు ఆడకూడదండీ. మీకు దాన్ని మొయ్యడం కూడా రాదు" అంది.

ఆదివారం వచ్చింది. పెద్దాయన కొత్త కర్ర ఎనభై గజాలకి పైగా పోయింది, పాతది డెబ్బై. మెట్లు మెట్లుగా ఎక్కడ పడాల్సిన బంతి అక్కడ పడింది. "చూశారా! గ్రాము గారు కొలిచి పెట్టారు. అబద్ధం ఆడని మనిషి చెయ్యి పడింది మరి!" అని పెద్దాయన తొమ్మిది గుంటల దగ్గరా తొమ్మిదిసార్లు చెప్పాడు. గ్రాము గారికి మింగలేక కక్కలేక అన్నట్టయింది. టీ కప్పు అందుకున్నారు కానీ తాగలేదు, గడ్డిలో పారబోశారు.

బుధవారం మధ్యాహ్నం పెద్దాయన కూతురు గ్రాము గారింటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. మోచేతుల దాకా పిండి ఉంది.

"అంకుల్, ఒక్క మాట అడుగుతాను. ఆ కర్ర నిజంగా యాభై ఆరేనా? నాన్న నిన్న రెండు బస్తాలు ఎత్తారు. ఎత్తి గోడ పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడిపోయారు, పెదాలు నల్లబడ్డాయి. నేనడిగితే, 'గ్రాము గారు ముద్ర వేశారు, యాభై ఆరుతో డెబ్బై కొడుతున్నాను, నాకేం' అంటున్నారు. నేను ఇంకెవర్నీ నమ్మను అంకుల్. మీరు అవునంటే నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

గ్రాము గారి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. ఇన్నాళ్ళూ పోయేది స్నేహం అనుకున్నారు. ఇప్పుడు చూస్తే పోయేది మనిషి. వంటింటి గుమ్మంలోంచి భార్య ఆయన వైపే చూస్తోంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "పద తల్లీ" అన్నారు.

బేకరీ వెనక గదిలో పెద్దాయన ట్రేలు సర్దుతున్నాడు. పొయ్యి వేడికి గది ఉడికిపోతోంది. గోడ వారగా పిండి బస్తాలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. పెద్దాయన కూర్చోమన్నా గ్రాము గారు కూర్చోలేదు. నోటీసు చదివి వినిపించేటప్పటిలా చేతులు కిందికి చాచి నిలబడి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు.

"మీ కర్ర యాభై ఆరు కాదు. యాభై రెండు. నేను అబద్ధం చెప్పాను. కొత్తది నలభై తొమ్మిది, దాని మీదా దొంగ ముద్ర వేశాను. పాత కర్ర నిక్కిపోయింది కాబట్టి బంతి డెబ్బై పోతోంది. మీ బలం వల్ల కాదు."

పెద్దాయన చేతిలో ట్రే బల్ల మీద పెట్టాడు. కూతురి వైపు చూశాడు, గ్రాము గారి వైపు చూశాడు. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి కొక్కేనికి తగిలించి, మూలనున్న ఇసుక కర్ర అందుకున్నాడు. "నడవండి" అన్నాడు, అంతే. ఆ పిల్ల వెనకాల పరిగెత్తినట్టు నడిచింది.

డాక్టరమ్మ కొట్టులో పెద్దాయన కర్రని బల్ల మీద పడేసి, "దీన్ని యాభై ఆరు చెయ్యమ్మా" అన్నాడు. ఆవిడ గ్రాము గారి ముఖం చూసి, ఏమీ అడక్కుండా బిగించి వంచింది. ఈసారి పెద్దాయనే వంగి ముల్లు చూసుకున్నాడు. యాభై ఆరు. కర్ర తీసుకుని ఎండలో రబ్బరు చాప ఎక్కాడు.

పది బంతులు కొట్టాడు. పళ్ళు బిగించి కొట్టాడు. గ్రాము గారు వాటి వెంట నడిచి ఒక్కొక్కదాని దూరం అడుగులతో కొలిచి వచ్చారు. తిరిగొచ్చేసరికి పెద్దాయన కర్రకి ఆనుకుని ఆయాసపడుతున్నాడు.

"చెప్పండి."

"ఎక్కువ పోయింది యాభై తొమ్మిది. తక్కువ యాభై నాలుగు. సగటున యాభై ఏడు గజాలు" అన్నారు గ్రాము గారు. ఆ అంకె చెబుతుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

పెద్దాయన డెబ్బై గజాల గుర్తు వైపు చాలాసేపు చూశాడు. అక్కడ ఒక్క బంతి లేదు. తర్వాత కూతురి వైపు తిరగకుండానే, "బస్తాలెత్తడానికి రేపట్నుంచి మనిషిని పెట్టు" అన్నాడు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి వెళ్ళిపోయింది. అప్పుడు ఆయన గ్రాము గారి మీదికొచ్చాడు.

"ఒరేయ్! ఊరందరికీ నిజం చెప్పి, నా దగ్గరికొచ్చేసరికి అబద్ధమాడతావా? ఒరేయ్ బుద్ధిలేనివాడా, నేను బస్తా కింద పడి చస్తే నువ్వు స్కోరు ఎవరికి రాస్తావురా? నిజం ఎందుకు చెప్పలేదు? నోట్లో నాలుక లేదూ?"

గ్రాము గారు తల దించుకున్నారు.

"నాకు మీరు తప్ప ఎవరూ లేరండీ. నిజం చెప్పిన చోట ఎవరూ నన్ను రెండోసారి పిలవలేదు. మీరూ పిలవరేమోనని భయమేసింది."

రబ్బరు చాప మీద ఎండ చుర్రుమంటోంది. డాక్టరమ్మ కొట్టు గుమ్మంలో నిలబడి చేతిలోని గుడ్డతో ఎవరిదో కర్రని ఒకదాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. పెద్దాయన ముఖం ఎర్రబడి, ఎప్పటికో మామూలైంది. వంగి కింద పడ్డ టోపీ తీసుకుని దులిపాడు.

"ఇప్పుడు నా సంచిలో నలభై ఆరు, నలభై తొమ్మిది, యాభై ఆరు ఉన్నాయి. అవునా? ఈ నలభై తొమ్మిదికీ యాభై ఆరుకీ మధ్య ఖాళీ ఎంత?"

"ఏడు."

"అదీ నువ్వు తెచ్చిన ఖాళీయే. నువ్వే పూడ్చు. ఒరేయ్, ఆదివారం ఆరింటికి. మోకాలివాడు కూడా వస్తాడు, అయిదుగురం అవుతాం. వాడు స్కోరు రాస్తానంటే నేను ఒప్పుకోను" అని, పెద్దాయన కర్ర భుజాన వేసుకుని బయల్దేరాడు. పోతూ పోతూ ఏదో గొణుక్కున్నాడు.

గ్రాము గారు ఇంటికి నడిచే వెళ్ళారు. దారిలో రెండుసార్లు ఆగారు, ఊరికే. గుమ్మం దగ్గర భార్య కాచుకుని ఉంది. ఆయన ముఖం చూస్తే ఆవిడకి ఏమీ తెలియలేదు.

"చెప్పేశారా? ఏమన్నాడు? రావద్దన్నాడా?"

"ఒరేయ్ అన్నాడు."

ఆవిడ నిర్ఘాంతపోయింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన్ని ఆ మాట అన్నవాణ్ణి ఆవిడ ఎరగదు. ఆయన కన్నతండ్రి కూడా, ఉద్యోగం వచ్చాక, మీరు అనడం మొదలుపెట్టాడు.

"ఒరేయా? మిమ్మల్నా? ఎన్నిసార్లు?"

"మూడుసార్లు" అన్నారు గ్రాము గారు, చెప్పులు విప్పుతూ. "నాలుగోది గొణిగాడు. సరిగ్గా వినబడలేదు, లెక్కలోకి తీసుకోలేదు."